బాబాయ్ మానేసినవి

ముందే చెప్పేస్తున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. ఇంటికి ఎవరొచ్చినా, నేను నోరు తెరవకముందే మా ఆవిడ కాఫీతో పాటు ఒక హెచ్చరిక కూడా అందిస్తుంది, ఈయన చెప్పేదాన్ని నాలుగుతో భాగించుకుని వినండి అని. న్యాయమైన మాటే. నేను చూసిన కుక్క దూడంత ఉంటుంది, నేను ఎదురుచూసిన బస్సు ఒక తరం ఆలస్యంగా వస్తుంది. కాబట్టి దీన్ని కూడా ఎక్కడికక్కడ భాగించుకుంటూ చదవండి. అయితే పెంచడం వేరు, కల్పించడం వేరు. ఇందులో పెంచినవి బోలెడున్నాయి. కల్పించింది ఒక్కటే. అదేదో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

మొన్న ఆదివారం పొద్దున్నే టాకోలు తినడానికి టైర్ల షాపుకి వెళ్ళాను. నిజంగా టైర్ల షాపే. స్కార్‌బరోలో మా అపార్ట్‌మెంట్ టవర్ నుంచి బస్సులో కొద్ది దూరం. శని ఆదివారాలు ఆ షాపు పార్కింగ్ లాట్‌లో ఒక మెక్సికన్ జంట టార్పాలిన్ కట్టి, ప్లాస్టిక్ స్టూళ్ళు వేసి, బార్బకోవా అమ్ముతారు. పేరు చివర కోవా ఉంది కదా అని మిఠాయి అనుకునేరు, గొర్రె మాంసం. ముందురోజే ఆకుల్లో చుట్టి, మున్సిపాలిటీ నీళ్ళ ట్యాంకుకి తమ్ముడి వరసయ్యే ఒక స్టీలు డేగిసాలో పెట్టి, సన్నటి సెగ మీద ఆవిరికి వదిలేస్తారు. తెల్లారేసరికి మాంసం ఎముకని దానంతటదే వదిలేస్తుంది. అడుక్కి కారిన రసంలో శనగలు వేసి కాగితం కప్పులో ముందు అదిస్తారు. తర్వాత టాకోలు, అంటే అరచేతి వెడల్పు మొక్కజొన్న రొట్టెలు, వాటి మీద తరిగిన మాంసం, పచ్చి ఉల్లిపాయ, కొత్తిమీర, పక్కన నిమ్మబద్ద. అవి రెండు తిన్న మనిషి కెనడా చలిని క్షమించేస్తాడు.

నేను లైన్లో ముందుకి చేరేసరికి ఆ డేగిసా దగ్గరుండే ఆవిడ నన్ను చూసింది. నా పక్కన ఖాళీగా ఉన్న చోటుని చూసింది. కనుబొమలెగరేసి, "మే?" అంది.

గొర్రె అరిచినట్టు. ఆమెకు తెలుగు రాదు, నాకు స్పానిష్ రాదు, ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రమే. ఆ "మే"కి అర్థం, నీతో వచ్చే ఆయనేడీ అని. ఆయన చలికాలంలో పోయాడని చెప్పడానికి నా దగ్గర మాట లేదు. వేలు పైకి చూపించాను. ఆమె టార్పాలిన్ వైపు చూసి, వాన పడుతుందంటున్నానేమో అనుకుంది. మళ్ళీ చూపించాను. ఈసారి నా మొహం కూడా చూసింది. చేతిలో కత్తి చెక్క మీద పెట్టి, ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంది. లైన్లో ఎవరూ తొందర పెట్టలేదు.

ఆయన్ని మేం బాబాయ్ అనేవాళ్ళం. చుట్టరికమేం లేదు. మా కింది ఫ్లోర్లో ఒక్కడే ఉండేవాడు. ఏ ఊరు, ఎందుకొచ్చాడు, వెనక ఎవరున్నారు అని నేనెప్పుడూ పూర్తిగా అడగలేదు. ఒంగోలు వైపు యాస అని మాత్రం తెలుసు. చేసే పని, మా వీధి చివర స్కూలు దగ్గర పిల్లల్ని రోడ్డు దాటించడం. మెరిసే పసుప్పచ్చ జాకెట్ వేసుకుని, చేతిలో స్టాప్ బోర్డు పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడితే, ట్రక్కులు కూడా తలొంచుకుని ఆగిపోయేవి. ప్రపంచంలో ఏ క్షణాన ఏమవుతుందోనని బెంగపడే మనిషికి, కార్లన్నిటినీ ఆపి పారేసే ఉద్యోగం దొరకడం కన్నా అదృష్టమేముంటుంది?

బెంగ అంటే మామూలు బెంగ కాదు. మనుషులు కనపడితే నమస్కారం పెడతారు. బాబాయ్ "స్టవ్ కట్టేశావా?" అని అడిగేవాడు. ఆ ప్రశ్న చెవిన పడ్డాక ఎంతటివాడికైనా అనుమానం పుడుతుంది. పొద్దున్న ఆఫీసులకి బయల్దేరినవాళ్ళలో సగంమంది ఆయన ఎదురుపడ్డాక మళ్ళీ లిఫ్టెక్కి పైకి పోయేవాళ్ళు. మా టవర్ లిఫ్టులు తరచూ చెడిపోవడానికి కారణం మేనేజ్‌మెంట్ కాదు, బాబాయే అని నా అభిప్రాయం. ఎండలో గొడుగు, పగటిపూట టార్చిలైటు ఉండేవి ఆయన దగ్గర. ఏ సంగతి చెప్పినా చివరికి వచ్చే మాట ఒక్కటే. "ఏమోనబ్బాయ్, చెప్పలేం."

ఇంకో అలవాటుంది. ఎవరితో నడుస్తున్నా, రోడ్డు మీదికి దిగబోయే ముందు పక్కవాళ్ళ ఛాతీకి అడ్డంగా ఎడమచెయ్యి చాపేవాడు. నాకు యాభై దాటాయి. బరువు చెప్పను. అయినా ఆ సన్నటి చెయ్యి అడ్డం రాగానే ఒకటో క్లాసు పిల్లాడిలా ఆగిపోయేవాణ్ణి.

ఇదంతా పైకి కనపడే బెంగ. లోపల ఇంకొకటి నడిచేది. కాశీకి వెళ్ళినవాళ్ళు ఇష్టమైన కూరో పండో అక్కడ వదిలేసి వస్తారు కదా, బాబాయ్ కాశీ దాకా పోయే పని లేకుండా స్కార్‌బరోలో కూర్చునే వదిలేసేవాడు. తనకోసం కాదు. ఎవరికి కష్టమొస్తే వాళ్ళకోసం. గుంటూరమ్మాయి ఒకతి డ్రైవింగ్ టెస్ట్ ఫెయిలవుతూనే ఉందని తెలిసి మిరపకాయ బజ్జీలు మానేశాడు. ఆ అమ్మాయి పాసైంది. కరీంనగర్ కుర్రాడికి పీఆర్, అదే ఇక్కడ ఉండిపోయే అనుమతి, రాక ఇండియాకి తిరిగిపోవాల్సిన పరిస్థితి వస్తే, ఏకంగా మామిడిపండు మానేశాడు. ఎండాకాలం దేశీ షాపుల ముందు బంగినపల్లి పెట్టెలు పేరిస్తే, వాటి పక్కన ఒక నిమిషం నిలబడి గాలి పీల్చుకుని వచ్చేవాడు. వాసన మానలేదట.

ఎవరికోసం ఏం వదిలాడో నోరు విప్పి చెప్పేవాడు కాదు. భోజనానికి పిలిచినప్పుడు బయటపడేది. ఫలానాది వద్దంటే చాలు, ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని, ఈ మధ్య ఎవరింట్లో ఏ గండం గడిచిందా అని లెక్క కట్టేవాళ్ళు. నేను ఆయన్ని ఎరిగేసరికే కాఫీ పోయింది, పూతరేకులు పోయాయి, గోంగూర పోయింది. ఇలాగే పోతే ఆయనకి చివరికి మంచినీళ్ళే మిగులుతాయని, అప్పటికి టవర్‌లో ఏ కష్టాలూ ఉండవని నేను జోకులు వేసేవాణ్ణి. ఒకసారి ఉద్యోగం వేటలో ఉన్న ఒకాయన, నాకోసం కాకరకాయ మానేయండి బాబాయ్, మీకూ హాయి నాకూ హాయి అన్నాడు. "నాకే ఇష్టం లేంది దేవుడికి మాత్రం ఎందుకబ్బాయ్?" అన్నాడు బాబాయ్, చాలా సీరియస్‌గా.

ఆయన లెక్క మా అందరికీ అర్థమైపోయింది. చిన్న కష్టానికి చిన్న ఇష్టం, పెద్ద కష్టానికి పెద్ద ఇష్టం. ఈ ముక్క గుర్తుంచుకోండి. నా ప్రాణం మీదికి వచ్చింది ఇదే.

అన్నీ మానేసిన మనిషికి కొత్త ఇష్టం పుట్టించిన పాపం నాదే. ఒక ఆదివారం బలవంతంగా టైర్ల షాపుకి లాక్కెళ్ళాను. దారంతా ఆయన భయం, అది ఆవు మాంసమైతే ఎలా అని. నేను గొర్రె అంటే నమ్మడే. నీ మాట నాలుగుతో భాగించమంది మీ ఆవిడ, గొర్రెని నాలుగుతో భాగిస్తే ఏమవుద్దో ఎవరికి తెలుసు అన్నాడు. సరాసరి డేగిసా దగ్గరికి పోయి, ఆ పసుప్పచ్చ జాకెట్లోనే, నిటారుగా నిలబడి, "మే..." అన్నాడు. ప్రశ్న గుర్తుతో.

ఆవిడ నవ్వలేదు. ఆయన కళ్ళలో భయం చూసినట్టుంది. గుండె మీద చెయ్యి వేసుకుని, సాక్ష్యం చెప్పినట్టు, "మే..." అంది. వెనక గిన్నెలు కడుగుతున్న ఆమె భర్త కూడా అన్నాడు. తర్వాత లైన్లో ఉన్నవాళ్ళు, ఆడా మగా, నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు, పిల్లలు, ఒకరి తర్వాత ఒకరు "మే" అని హామీ ఇచ్చారు.

బాబాయ్ శాంతించాడు. ఆమె మూత తీసి ఆకులు విప్పుతుంటే వంగి చూసి, నా మోచెయ్యి పట్టుకున్నాడు. "కిత్తనార కదబ్బాయ్ ఇది. మా ఊళ్ళో రైలు కట్ట ఎంబడి ఉంటది. దీంతో తాళ్ళు పేనుతారు. ఇందులో కూర వండొచ్చని ఒక్కడు చెప్పలేదే." ఒక జిల్లా మొత్తం తనని మోసం చేసినట్టు మాట్లాడాడు.  మొదటి టాకో కొరికి కళ్ళు మూసుకున్నాడు. రసం మణికట్టు మీంచి జాకెట్ చేతిలోకి కారుతున్నా చూసుకోలేదు. ఎప్పుడూ నాలుగు దిక్కులా చూస్తుండే మనిషి, తారు రోడ్డు పక్కన, ట్రక్కులు పోతుండగా, అంతసేపు కళ్ళు మూసుకుని ఉండడం నేనదే మొదటిసారి చూడటం.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం మాకదే పూజ. శనివారం ఆయన మాంసం ముట్టడు, వెంకటేశ్వరస్వామి వారం. ఆదివారం పొద్దెక్కితే డేగిసా ఖాళీ. కాబట్టి తెల్లారకముందే నా ఫోన్ మోగేది. "అయిపోద్దబ్బాయ్, లెగు." బస్సులో కూర్చున్నాక కూడా, ఎదురు సీట్లో ఎవరు ఆకలిగా కనపడినా, వీళ్ళూ అక్కడికేనేమో అని చెవిలో గొణిగేవాడు.

పోయిన ఏడాది ఎండలు తగ్గే రోజుల్లో మా ఆవిడ మెడ దగ్గర ఒక గడ్డ చేతికి తగిలింది. చింతగింజంత. నేను రాసేసరికి నిమ్మకాయంత అవ్వాలి, కానీ దాన్ని పెంచే ధైర్యం నాకు లేదు. ఫ్యామిలీ డాక్టర్ చూసి స్కాన్‌కి పంపింది. స్కాన్ చూసి సూదితో ముక్క తీసి బయాప్సీకి పంపారు. రిపోర్టు రాగానే ఫోన్ చేస్తామన్నారు.

ఇక్కడ ఆసుపత్రులవాళ్ళు ఫోన్ చేస్తే నంబర్ కనపడదు, ప్రైవేట్ అని వస్తుంది. మీ ఇంటి గాలి గొట్టాలు శుభ్రం చేస్తామనే వాళ్ళు చేసినా అలాగే వస్తుంది. ఆ రోజుల్లో కెనడాలో గొట్టాలు శుభ్రం చేసే కంపెనీలన్నీ మా ఇంటిమీదే పడ్డాయి. ఫోన్ మోగితే నేను దానికి దూరంగా జరిగేవాణ్ణి. ఆమె ఎత్తి, విని, మాది అపార్ట్‌మెంటండీ, గొట్టాలు మావి కావు అని మర్యాదగా చెప్పి పెట్టేసేది. ఎవరి జబ్బుకి ఎవరు భయపడుతున్నారో చూసేవాళ్ళకి తెలిసేది కాదు. ఆమె మామూలుగా ఆఫీసుకెళ్ళి వచ్చేది. నేను జోకులు ఆపేశాను. అది చూసి ఆమె భయపడింది.

బాబాయ్‌కి నేను చెప్పలేదు. ఆమే చెప్పిందట, లిఫ్టులో. ఆయన స్టవ్ గురించి అడగబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడట. దాంతో ఆమెకి చెప్పబుద్ధయింది.

ఆ ఆదివారం టైర్ల షాపు దగ్గర నేను రెండు పళ్ళేలు పట్టుకొచ్చి స్టూలు మీద కూర్చున్నాను. బాబాయ్ తన పళ్ళెం నా వైపు జరిపాడు.

"కడుపులో బాలేదబ్బాయ్. నువ్వు కానీ."

పోనీ రసం తాగమన్నాను. కప్పు వైపు చాలాసేపు చూశాడు, రసం బార్బకోవా కిందికి వస్తుందా రాదా అని సుప్రీం కోర్టులా ఆలోచించి, అదీ పక్కన పెట్టాడు. నిమ్మబద్ద ఒకటి తీసుకుని చప్పరిస్తూ కూర్చున్నాడు.

 డ్రైవింగ్ టెస్టుకి బజ్జీ. పీఆర్‌కి మామిడిపండు. మా ఆవిడకి బార్బకోవా. ఆయన దగ్గర మిగిలిన ఇష్టాల్లోకెల్లా పెద్దది ఇదే. అంటే మా కష్టాన్ని ఆయన ఎంత పెద్దదనుకుంటున్నాడు? డాక్టర్లు ఇంకా చెప్పని రిపోర్టు నాకు ఆ కాగితం పళ్ళెంలో కనపడింది. ఆయన ఒక్క టాకో తింటే చాలు, గండం చిన్నదైపోతుందని నాకు బలంగా అనిపించింది. చదువుకున్నవాణ్ణి, కంప్యూటర్ల మధ్య బతికేవాణ్ణి, టైర్ల షాపు ముందు కూర్చుని ఒక పెద్దమనిషిని బతిమాలాను.

"ఒక్కటి తిను బాబాయ్. చిన్నది. సగం."

"కడుపులో బాలేదంటిని కదా."

"పోనీ వేరేది మానేయి. నీకు అప్పడాలిష్టం కదా, అప్పడాలు మానేయి. ఇది వద్దు బాబాయ్. ఇది చాలా పెద్దది."

ఆయన నిమ్మబద్ద నోట్లోంచి తీశాడు. నన్ను చూశాడు, అబద్ధం దొరికిపోయిన మొహంతో. నేనెందుకు బతిమాలుతున్నానో అర్థమైనట్టుంది. చల్లారిపోద్ది తిను అన్నాడంతే. నేను తినలేకపోయాను. డేగిసా దగ్గరి ఆవిడ మా నిండు పళ్ళేలు చూసి, మాంసం మీద మాకు మళ్ళీ అనుమానం వచ్చిందేమోనని, దూరం నుంచే చిన్నగా "మే" అంది.

రిపోర్టు వచ్చేదాకా ఆయన ప్రతి ఆదివారం నాతో వచ్చాడు, నిమ్మబద్ద చప్పరించాడు. నేను ఆ నోటి వంకే చూస్తూ కూర్చున్నాను.

ఒక మధ్యాహ్నం ప్రైవేట్ నంబర్ మోగింది. ఆమె స్టవ్ మీద అన్నం పెట్టి ఉంది. ఎత్తింది. మాది అపార్ట్‌మెంటండీ అని అనలేదు. వింటోంది. నేను గోడ పట్టుకున్నాను. డాక్టర్ చెప్పింది, భయపడాల్సిన గడ్డ కాదట, ఏడాదికోసారి స్కాన్ చేయించుకుంటే చాలట. ఆమె థాంక్యూ అని నిదానంగా ఫోన్ పెట్టి, నా వైపు తిరిగి, "బాబాయ్ గారికి చెప్పిరండి" అంది. నాకు చెప్పాల్సిన అవసరం లేదన్నట్టు.

ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పరిగెత్తాను. నేను పరిగెత్తడం స్కార్‌బరో చరిత్రలో రాసుకోదగ్గ సంగతి. స్కూలు వదిలే వేళ. బాబాయ్ రోడ్డు మధ్యలో స్టాప్ బోర్డు ఎత్తి నిలబడ్డాడు, పిల్లలు దాటుతున్నారు. ఫుట్‌పాత్ మీంచే తెలుగులో అరిచాను, ఏం లేదంట బాబాయ్ అని.

ఆయన కదల్లేదు. పిల్లలు దాటేశారు. చివరి తల్లి కూడా స్ట్రోలర్ తోసుకుంటూ దాటేసింది. బోర్డు దించలేదు. ఖాళీ రోడ్డు మధ్యలో అలాగే ఎత్తి పట్టుకుని నిలబడిపోయాడు. కార్లు ఇటు పక్క ఊరు పికరింగ్ దాకా, అటు సరస్సు దాకా ఆగిపోయాయి. హారన్ కొట్టడం బూతుతో సమానమైన ఈ దేశంలో ఒకాయన ఉండబట్టలేక దగ్గినంత మెత్తగా కొట్టాడు. అప్పుడు దించి, నా దగ్గరికి వచ్చాడు. 

"స్టవ్ కట్టేసి వచ్చావా?"

"ఇంట్లో ఆవిడుంది బాబాయ్."

"ఈ కబురు విన్నాక ఆ పిల్ల స్టవ్ చూస్తదా? ఎళ్ళు ముందు."

వెళ్ళేసరికి అన్నం మాడి ఉంది. ఆమె దాని ముందే కూర్చుని ఏడుస్తోంది, వాసన కూడా తెలియకుండా.

ఆ ఆదివారం ముగ్గురం వెళ్ళాం. నేను లాయర్‌లా వాదించాను. పని అయిపోయింది, మొక్కు తీరిపోయింది, ఇక నీ టాకో నువ్వు వెనక్కి తీసుకోవచ్చు అన్నాను. బాబాయ్ తల అడ్డంగా ఊపాడు. "ఏమోనబ్బాయ్, చెప్పలేం. ఇచ్చింది నేను వెనక్కడిగితే, ఆ పైనాయన ఇచ్చింది ఆయనా అడగొచ్చు కదా?"  మా ఆవిడ ఒక రొట్టె తీసుకుని ఆయన చేతిలో పెట్టి, నాకోసం బాబాయ్ గారూ అంది. ఆయన చాలాసేపు దానివంక చూశాడు. తర్వాత తిన్నాడు. మూడంటే మూడు కొరుకుళ్ళలో. కళ్ళు మూసుకుని, మణికట్టు మీంచి రసం కారుతుండగా. ఆఖర్న వేళ్ళు నాక్కుని, "ఈసారి ఉప్పు ఒకింత తగ్గిందబ్బాయ్" అన్నాడు.

ఆ తర్వాత వచ్చిన చలికాలంలోనే నిద్రలో పోయాడు. ఏదేదో అవుతుందని బతుకంతా భయపడ్డ మనిషికి, తీరా అయినప్పుడు తెలియనే లేదు. తలుపు తీయించి లోపలికి వెళ్ళినప్పుడు నేను మొదట చూసింది స్టవ్. కట్టేసే ఉంది.

ఇక ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. డేగిసాని మీరీపాటికి భాగించుకునే ఉంటారు. కార్లు పికరింగ్ దాకా కాదు, వీధి మలుపు దాకా ఆగాయి. లైనంతా మే అని అరవడం మాత్రం మీరు నమ్మి ఉండరు, అది అక్షరాలా నిజం. అన్నం మాడటమూ నిజమే.

కల్పించింది ఆ టాకో.

ఆయన చేతిలో మా ఆవిడ రొట్టె పెట్టడం దాకా జరిగింది. నాకోసం బాబాయ్ గారూ అనడం కూడా జరిగింది. ఆయన దానివంక చాలాసేపు చూశాడు. నిమ్మబద్ద పిండాడు. రసం కారకుండా అడుగున మడిచి, తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు. "చల్లారిపోద్దమ్మా, తిను" అన్నాడు. ఆమె తింది. చివరి ముక్క ఆమె గొంతు దిగేదాకా, ఆఖరి పిల్ల అవతలి ఫుట్‌పాత్ ఎక్కేదాకా చూసినట్టే, కళ్ళు తిప్పకుండా చూస్తూ నిలబడ్డాడు.